ఫలితం కోసం ఎదురుచూపు: ఆపవలసిన వేగాలు, ఆపకూడని వేగాలు

ఋతువును బట్టి దోషాలు ప్రకోపిస్తాయని మన శాస్త్రం చెబుతున్నది. వర్షఋతువులో వాతం, శరత్తులో పిత్తం, వసంతంలో కఫం విజృంభిస్తాయి. ఆనందపురంలో చిరకాలంగా వైద్యవృత్తిలో ఉన్న నాకు ఇటీవలి సంవత్సరాలలో వీటికి తోడు మరొక ఋతువు కూడా కనిపిస్తున్నది. అది ఫిబ్రవరిలో మొదలై ఆగస్టు దాకా సాగుతుంది. ఆ నెలలలో భీమిలి, తగరపువలస, పెందుర్తి, గాజువాక, ఉక్కునగరం వైపుల నుండి ఇరవై, ఇరవై రెండేండ్ల పిల్లలు తల్లిదండ్రుల వెంట వైద్యానికి వస్తారు. కడుపులో మంట, గుండె దడ, తలబరువు, అన్నం సయించకపోవటం, రాత్రి నిద్ర లేకపోవటం వారు చెప్పుకొనే బాధలు. నాడి చూచి, నాలుక చూచి, నెమ్మదిగా ప్రశ్నించగా చివరకు తేలేది ఒక్కటే. ఏదో విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకొన్నారు, జవాబు రాలేదు.

సీటు వస్తుందా అన్నది వారి మొదటి ప్రశ్న. వస్తే డబ్బు ఎక్కడిది అన్నది రెండవది. మధ్యతరగతి ఇంట ఈ రెండవ ప్రశ్నయే బరువైనది. తండ్రి భవిష్యనిధి నుండి తీసిన సొమ్ము, తల్లి మెడలోని గొలుసు, బ్యాంకులో పెట్టవలసిన ఇంటి కాగితాలు అన్నీ ఆ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉంటాయి. అందుచేత ఈ బాధను పిల్లల చాపల్యమని త్రోసివేయకూడదు. దీనికి కారణమున్నది, లక్షణమున్నది, చికిత్స కూడా ఉన్నది. వాటిని ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఈ ఎదురుచూపు ఎట్టిది?

పూర్వం గురుకులంలో పరీక్ష అంటే గురువుగారు ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నించటమే. తప్పో ఒప్పో అక్కడికక్కడే తెలిసేది. ఇప్పటి చదువులో పరీక్షకూ ఫలితానికీ, ఫలితానికీ సీటుకూ, సీటుకూ ధనసహాయానికీ నడుమ నెలలు గడుస్తాయి.

అమెరికా చదువునే తీసుకొందాం. 2023-24 విద్యాసంవత్సరంలో అక్కడ చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ సంవత్సరం విదేశీ విద్యార్థుల సంఖ్యలో మన దేశమే మొదటి స్థానంలో నిలిచింది. వారిలో మన తెలుగు పిల్లలు ఎందరుంటారో ఏ వీధిలోని వారైనా చెప్పగలరు. దరఖాస్తులు డిసెంబరు, జనవరి నెలలలో పంపుతారు. జవాబులు ఏప్రిల్ దాకా వస్తూనే ఉంటాయి. తరువాత ఐ-20 పత్రం, దానికై బ్యాంకులో సొమ్ము చూపటం, విద్యారుణం, చివరకు వీసా కోసం హైదరాబాదు ప్రయాణం. ఒక మెట్టు దాటగానే మరొక మెట్టు ఎదురవుతుంది.

ఈ మెట్లు కొన్నిసార్లు పిల్లల ప్రమేయమే లేకుండా కదిలిపోతాయి. 2025 మే చివర అమెరికా ప్రభుత్వం కొత్త విద్యార్థి వీసాల ఇంటర్వ్యూలకు తేదీలివ్వటం నిలిపివేసి, జూన్ మధ్యలో తిరిగి మొదలుపెట్టింది. అదే సంవత్సరం పరిశోధనలకు ఇచ్చే ప్రభుత్వ నిధులు తగ్గగా, కొన్ని విశ్వవిద్యాలయాలు అప్పటికే ఇచ్చిన పీహెచ్‌డీ ప్రవేశాలను సైతం వెనక్కు తీసుకొన్నాయి. మన దేశంలోనూ ఇట్టివి జరిగాయి. 2024 జూన్ 18న జరిగిన యూజీసీ నెట్ పరీక్షను మరునాడే రద్దు చేశారు. ఆ పరీక్ష ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలు. ఆ సొమ్ము మీద ఇల్లు గడుపుకొంటూ చదువుదామనుకొన్న యువకుని స్థితిని ఊహించండి. అదే 2024లో నీట్ రాసిన 23 లక్షలకు పైగా పిల్లలు, జూన్ 4న ఫలితాలు వచ్చిన తరువాత కూడా, ఆ పరీక్ష నిలుస్తుందో లేదో తెలియక జూలై 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పేవరకు ఎదురుచూచారు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, జవాబు ఆలస్యమైనంత మాత్రాన "నాలో ఏదో లోపమున్నది" అని పిల్లలు తీర్మానించుకొంటున్నారు. ఆలస్యానికి కారణం చాలాసార్లు వారిలో ఉండదు. ఈ సంగతి ముందుగా మనసుకు పట్టాలి.

శాస్త్రం ఏమంటున్నది?

రజస్తమో దోషాల వలన మనసుకు కలిగే వికారాలను చెబుతూ చరకుడు కామం, క్రోధం, లోభం, శోకం, భయం మొదలైన వాటితో పాటు చిత్తోద్వేగాన్ని కూడా పేర్కొన్నాడు. నేడు మనం ఆందోళన అంటున్నది దానికి దగ్గరైన స్థితి.

మనసు బాధపడితే కడుపు ఎందుకు మండాలి? దీనికీ సమాధానమున్నది. హితమైన ఆహారాన్ని మితంగానే తిన్నప్పటికీ చింత, శోకం, భయం, క్రోధం, సరియైన పడక లేకపోవటం, రాత్రి మేలుకోవటం వలన అది జీర్ణం కాదని చరకుడు విమానస్థానంలో చెప్పాడు. అతిగా చింతించటం వలన రసవహ స్రోతస్సులు చెడుతాయని కూడా అదే స్థానంలో ఉన్నది. ఆహారసారాన్ని శరీరమంతటికీ అందించే మార్గాలు అవి. అందుచేతనే తల్లి ఎంత మంచి వంట చేసి పెట్టినా ఈ నెలలలో బిడ్డ ముఖం వాడిపోతుంది.

మనసుకు ఐదు విషయాలు ఉంటాయని శారీరస్థానం చెబుతున్నది. అవి చింత్యం, విచార్యం, ఊహ్యం, ధ్యేయం, సంకల్ప్యం. మొదటిది ఆలోచించవలసినది, రెండవది మంచిచెడ్డలు తర్కించవలసినది, మూడవది ఊహించవలసినది, నాలుగవది ఏకాగ్రతతో ధ్యానించవలసినది, ఐదవది చేయదలచి నిశ్చయించుకోవలసినది. ఆరోగ్యవంతుని మనసు ఈ ఐదింటి మధ్య తిరుగుతుంటుంది. ఎదురుచూచే పిల్లల మనసు మాత్రం నడిమిదైన ఊహ్యం దగ్గరనే చిక్కుకొనిపోతుంది. వస్తుందేమో, రాదేమో, వాడికి వచ్చింది కనుక నాకు రాదేమో, ఉత్తరంలో ఆ మాట అట్లా రాశారు కనుక అర్థం ఇదేమో అని తిరుగుతూనే ఉంటుంది. గానుగెద్దు రోజంతా నడుస్తుంది, కాని ఒక ఊరు కూడా దాటదు. ఈ ఊహ కూడా అట్టిదే.

తలక్రిందులైన వేగాలు

చరకసంహిత సూత్రస్థానంలో వేగాలను గురించిన అధ్యాయమొకటి ఉన్నది. అందులో వేగాలను రెండు తెగలుగా విభజించారు. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు మొదలైన పదమూడూ శరీరవేగాలు. వీటిని బలవంతంగా ఆపకూడదు, ఆపితే రోగాలు పుడతాయి. లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య మొదలైనవి మనోవేగాలు. వీటిని ఆపుకోవలెను.

ఎదురుచూపు కాలంలో మన పిల్లలు సరిగ్గా దీనికి విరుద్ధంగా నడుస్తున్నారు. నిద్ర వస్తుంటే ఆపుకొంటున్నారు. ఆకలి వేస్తుంటే "తరువాత తింటానమ్మా" అంటున్నారు. కన్నీరు వస్తే స్నానాలగదిలోకి పోయి ముఖం కడుక్కొంటున్నారు. ఆపవలసిన వేగాలకు మాత్రం కళ్ళెం లేదు. భయం పుట్టగానే చేయి ఫోను మీదికి పోతుంది. మిత్రునికి ప్రవేశం వచ్చిందని వాట్సాప్ గుంపులో చూడగానే ఈర్ష్య, దాని వెంట లజ్జ, దాని వెంట మళ్ళీ భయం. ఈ తలక్రిందుల నడకను సరిచేయటమే చికిత్సకు మూలం. తక్కిన ఔషధాలన్నీ దీని తరువాతివే.

మొదటి చికిత్స: చూచే వేళను కట్టడి చేయటం

ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఒక ఉద్యోగి తన కుమారుని మార్చి నెలలో నా వద్దకు తీసుకొనివచ్చాడు. ఇంజనీరింగు పూర్తిచేసిన పిల్లవాడు, అమెరికాలోని ఆరు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టాడు. రెండు నెలలుగా ఆమ్లపిత్తం మాత్రలు మింగుతున్నాడు. రాత్రి ఎన్నింటికి పడుకొంటావు నాయనా అని అడిగితే, "మూడున్నరకండీ, అక్కడి ఆఫీసులు మూసేదాకా చూస్తాను" అన్నాడు. అతని రోగం ఆ ఒక్క మాటలోనే నాకు దొరికింది.

లెక్క చూడండి. అమెరికా తూర్పు తీరంలో కార్యాలయాలు ఉదయం 9 గంటలకు తెరిచేటప్పటికి మనకు సాయంత్రం 6:30 లేక 7:30 అవుతుంది. అక్కడ మార్చిలో గడియారాలను ఒక గంట ముందుకు, నవంబరులో మళ్ళీ వెనక్కు జరుపుతారు కనుక ఈ తేడా. పడమటి తీరంలో సాయంత్రం 5 గంటలకు మూసేటప్పటికి మనకు మరునాటి ఉదయం 5:30 లేక 6:30. అనగా ఉదయం 7 గంటలకు ఒక్కసారి చూస్తే, ఆ దేశం మొత్తం మీద గత పగలు పంపిన జవాబులన్నీ వచ్చి ఉంటాయి. ఆ తరువాత సాయంత్రం వరకు అక్కడ కార్యాలయాలు తెరవనే తెరవరు. పగలు ముప్పైసార్లు చూచినా సాధారణంగా కొత్తది ఏమీ ఉండదు. రాత్రి 2 గంటలకు జవాబు వచ్చిందనుకొన్నా, దానికి ప్రత్యుత్తరమిచ్చే పని ఉదయం వరకు ఆగలేనిది కాదు. ఇంగ్లండు, జర్మనీల నుండి వచ్చేవీ రాత్రికే చేరి ఉంటాయి కనుక ఉదయం చూచినా నష్టం లేదు.

ఆ పిల్లవానికి నేను రాసి ఇచ్చిన చీటీలో మొదటి పంక్తి మందు కాదు. "రాత్రి 9 గంటలకు ఫోను వంటింటి అలమారలో పెట్టవలెను. ఉదయం స్నానం, అల్పాహారం అయిన తరువాత 7 గంటలకు ఒకసారి చూడవలెను. తిరిగి మరునాటి ఉదయమే." మొదటి నాలుగు రోజులు చాలా కష్టపడ్డాడు. చేయి దానంతట అదే పోతున్నదని చెప్పాడు. అదే వేగమంటే. పది రోజులకు రాత్రి పదకొండుకు నిద్రపట్టసాగింది. మూడు వారాలకు కడుపు మంట తగ్గింది. విశ్వవిద్యాలయాల జవాబులను నా చీటీ మార్చలేదు, ఏ వైద్యమూ మార్చలేదు. కాని జవాబు వచ్చేనాటికి దానిని చదివి అర్థం చేసుకొనే స్థితిలో ఆ పిల్లవాడు ఉన్నాడు.

మన రాష్ట్రంలో ఈఏపీసెట్ కౌన్సెలింగు వంటి వాటికి తేదీలు ముందుగానే ప్రకటిస్తారు. సీటు కేటాయించిన తరువాత కళాశాలలో హాజరు కావటానికి గడువు ఉంటుంది. ఆ తేదీలను గోడమీది క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తుపెట్టండి. గుర్తుపెట్టిన రోజున శ్రద్ధగా చూడండి, తక్కిన రోజులలో దానిని తలపెట్టకండి. గడువును కాగితం గుర్తుపెట్టుకొంటే మనసు గుర్తుపెట్టుకోనవసరం లేదు.

నిద్ర

సుఖదుఃఖాలు, పుష్టి, కృశత్వం, బలం, దౌర్బల్యం నిద్రపై ఆధారపడి ఉన్నాయని చరకుడు చెప్పాడు. నిద్రను ఆపితే ఆవులింతలు, ఒళ్ళునొప్పులు, తలనొప్పి, కళ్ళ బరువు కలుగుతాయని, అందుకు నిద్ర, ఒళ్ళు పట్టటం చికిత్స అని కూడా చెప్పాడు. నిద్ర కోసం ఇంట చేయదగిన పనులివి:

1. పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళు ఐదేసి నిముషాలు మర్దన చేయాలి. తరువాత పాత గుడ్డతో తుడిచి పడుకోవాలి. తలకు, చెవులకు, పాదాలకు నూనె తప్పక పట్టించుమని వాగ్భటుడు ప్రత్యేకించి చెప్పాడు.

2. వారానికి రెండుసార్లు తలకు నూనె పట్టించి, గంట తరువాత గోరువెచ్చని నీటితో తలంటుకోవాలి. జలుబు, జ్వరం ఉన్నప్పుడు చేయకూడదు.

3. రాత్రి ఒక గ్లాసు గోరువెచ్చని గేదెపాలు త్రాగాలి. ఆవుపాలకంటె గేదెపాలు నిద్ర పట్టనివారికి హితమని శాస్త్రం. పాలు అరగనివారు, కఫం అధికంగా ఉన్నవారు మానాలి.

4. పగటి నిద్ర మానాలి. రాత్రి నిద్ర తగ్గినంత మాత్రాన ఉదయం పదిదాకా పడుకొంటే మరునాటి రాత్రి కూడా చెడుతుంది.

ఆహారం

ఆందోళనలో అగ్ని మందగిస్తుంది. మందగించిన అగ్ని మీద బిరియానీ, వేపుళ్ళు, బజ్జీలు వేయటం తడికట్టెల మీద మరిన్ని తడికట్టెలు వేయటమే. ఆకలిని ఆపినందువలన కలిగిన బాధకు స్నిగ్ధంగా, వేడిగా, తేలికగా ఉండే ఆహారం పెట్టుమని చరకుడు చెప్పాడు. పెసరపప్పు, బియ్యం, కొద్దిగా జీలకర్ర, మిరియాలు వేసి వండిన పులగంలో ఒక చెంచా నెయ్యి కలిపితే ఆ మూడు గుణాలూ వస్తాయి. మన ఉత్తరాంధ్రలో పెద్దలు త్రాగే చోడి అంబలి ఉదయంపూట ఎంతో మంచిది. పలుచని మజ్జిగ కలిపి తీసుకొంటే కడుపులో తేలికగా ఉంటుంది.

కడుపు మంట ఉన్నవారు రెండు చెంచాల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి రాత్రి ఒక గ్లాసు నీటిలో నానబెట్టి, ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి త్రాగాలి. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం కలుపుకోకూడదు. కాఫీ, టీ రోజుకు ఒక్కసారికి, అదీ ఉదయానికి పరిమితం చేయాలి. సాయంత్రం ఆరు దాటిన తరువాత కాఫీ త్రాగి, తిరిగి నిద్రకు మందడగటం ఈ ఋతువులో నేను తరచుగా చూస్తున్న విడ్డూరం.

ఆకలి లేదన్నా వేళకు కంచం ముందు కూర్చోవాలి. కంచం పక్కన ఫోను ఉండకూడదు. రెండు ముద్దలైనా ఇంట్లో అందరితో కలిసి తినాలి.

ఔషధాలు

సరస్వతి ఆకు మన పెరళ్ళలో సులభంగా పెరుగుతుంది. ఐదారు ఆకులను పప్పులోనో పచ్చడిలోనో వేసుకోవచ్చు. పెన్నేరుగడ్డ చూర్ణం, అనగా అశ్వగంధ, అరచెంచా పాలలో కలిపి రాత్రిపూట నెల రోజులు వాడవచ్చు. అయితే గర్భిణులు, థైరాయిడ్ వ్యాధికి మందులు వాడేవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రలు తీసుకొంటున్నవారు దీనిని సొంతంగా వాడరాదు. సహజమైనదంతా నిరపాయమని అనుకోవద్దు. వస, రసౌషధాలు, పేరు తెలియని "మెదడు బిళ్ళలు" వైద్యుని సలహా లేకుండా తీసుకోకూడదు.

దడ వచ్చినప్పుడు వెన్ను నిటారుగా ఉంచి కూర్చొని, నాలుగు అంకెలు లెక్కించేటంతసేపు శ్వాస లోనికి తీసుకొని, ఎనిమిది అంకెలు లెక్కించేటంతసేపు మెల్లగా విడవాలి. బిగపట్టకూడదు. ఐదు నిముషాలలో దడ నెమ్మదిస్తుంది. దీనికి ఖర్చు లేదు, అపాయం లేదు.

మనసుకు పని చూపటం

అహితమైన విషయాల నుండి మనసును మరల్చటాన్ని సత్త్వావజయ చికిత్స అంటారు. "ఆలోచించకు" అంటే మనసు మరలదు. ఊహ్యం నుండి తీసి తక్కిన నాలుగింటి మీద పెట్టాలి.

విచార్యం: డబ్బు లెక్కను ఊహకు వదలక కాగితం మీద పెట్టండి. జవాబు రాకముందే, మనసు నెమ్మదిగా ఉన్న ఒక ఆదివారం, ఇంటిల్లిపాదీ కూర్చొని మూడు భాగాలుగా రాయండి. సహాయంతో సీటు వస్తే ఏమి చేస్తాము? సహాయం లేకుండా సీటు వస్తే ఎంతవరకు అప్పు చేయగలము, ఏ అంకె దాటితే మానుకొంటాము? సీటు రాకపోతే ఈ సంవత్సరం ఏమి చేస్తాము? మూడవ భాగం ఖాళీగా ఉంచవద్దు. భయం ఎక్కువగా ఆ ఖాళీలోనే నివసిస్తుంది.

ఇక్కడ ఒక ఉపయోగకరమైన సంగతి. అమెరికాలోని పెక్కు విశ్వవిద్యాలయాలు తమలో తాము చేసుకొన్న ఒప్పందం ప్రకారం, ఫెలోషిప్పు, అసిస్టెంట్‌షిప్పు వంటి ధనసహాయంతో కూడిన ప్రవేశానికి ఏప్రిల్ 15 లోపల సమాధానం చెప్పుమని విద్యార్థిని నిర్బంధించకూడదు. కనుక మార్చిలో ఒక చోటు నుండి సహాయం వస్తే మిగిలిన వాటి కోసం ఆగటానికి వ్యవధి ఉంటుంది. ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాలకే ఇది వర్తిస్తుంది. సహాయం లేని ప్రవేశాలకు వేరే గడువులు ఉండవచ్చు. ఉత్తరాన్ని పూర్తిగా చదవండి.

చింత్యం, ధ్యేయం: ప్రతిదినం రెండు గంటలు చదువుకే కేటాయించాలి. వెళ్ళబోయే కోర్సుకు కావలసిన గణితమో, భాషయో ఏదైనా సరే. ఎక్కడ చదివినా అది పనికివస్తుంది. ఉదయమో సాయంత్రమో అరగంట నడక, పది నిముషాల జపమో ధ్యానమో, ఎవరి ఆచారం వారిది.

సంకల్ప్యం: ఆ రోజు పూర్తిచేయగల ఒక చిన్న పనిని సంకల్పించి పూర్తిచేయాలి. పెరటికి నీళ్ళు పెట్టటం, పొరుగింటి పిల్లవానికి లెక్కలు చెప్పటం వంటివి. తన చేతిలో ఫలించే పని ఒక్కటైనా రోజూ కంటబడితే మనసుకు పట్టు చిక్కుతుంది.

తల్లిదండ్రులకు

మనుష్యుల మనోబలాన్ని చరకుడు ప్రవరం, మధ్యమం, అవరం అని మూడుగా చెప్పాడు. మధ్యమ సత్త్వం గలవారు ఎదుటివారు ఓర్చుకోవటం చూచి తామూ ఓర్చుకొంటారు, లేదా ఇతరులు ఊతమిస్తే నిలబడతారు. మన పిల్లలలో అధికసంఖ్యాకులు ఈ తెగకు చెందినవారే. అనగా వారు మిమ్మల్ని చూచి నిలబడతారు. మీరు గడపలో నిలబడి వణికితే వారు పడకలో వణుకుతారు.

"ఏటిరా, వచ్చిందా?" అని నాయనమ్మ పొద్దున ఒకసారి, తల్లి మధ్యాహ్నం ఒకసారి, తండ్రి డ్యూటీ నుండి రాగానే ఒకసారి అడుగుతారు. ముగ్గురిదీ ప్రేమయే, కాని పిల్లవాని చెవికి అది మూడు సమన్లు. జవాబు వస్తే తానే చెబుతానని పిల్లవాడు, అంతవరకు మేము అడగమని పెద్దలు ఒడంబడిక చేసుకోవలెను. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో బంధువులు అడిగితే "ఇంకా సమయముందండీ" అని పెద్దలే ముందుకు వచ్చి చెప్పాలి. పిల్లవానిని ముందుకు నెట్టకూడదు. "నీ కోసమే ఇంటి కాగితాలు పెడుతున్నాము" అన్న మాట రోజూ వినిపించవద్దు. అది వారికి తెలుసు. తెలిసినందుననే నిద్రపోవటం లేదు.

జవాబు వచ్చిన నాడు

రాలేదన్న జవాబు వస్తే పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి. కన్నీటిని ఆపితే పీనసం, నేత్రరోగం, హృద్రోగం, అరుచి, తలతిరగటం కలుగుతాయని శాస్త్రం. దానికి చెప్పిన చికిత్సలలో నిద్ర, ప్రియమైన కథలు కూడా ఉన్నాయి. ఆ రాత్రి వేడి అన్నం పెట్టి, పక్కన కూర్చొని, చదువుతో సంబంధం లేని మాటలు చెప్పి పడుకోబెట్టండి. లెక్కలు, నిందలు, "నేను ముందే చెప్పాను" అన్న వాక్యం ఇంట్లోకి రానివ్వకండి.

ఇక్కడ కొందరికి సందేహం రావచ్చు. శోకాన్ని ఆపుమన్న శాస్త్రమే కన్నీటిని ఆపవద్దంటున్నది, ఇది వైరుధ్యం కాదా? కాదు. కన్నీరు శరీరవేగం, వస్తుంది, పోతుంది, పోయిన తరువాత తేలిక. శోకవేగంలో చేసే పని మాత్రం ఉండిపోతుంది. ఆ వేగంలో తీసుకొనే నిర్ణయాలను ఆపవలెను. జవాబు వచ్చిన తరువాత మూడు రోజుల వరకు ఏ పెద్ద నిర్ణయమూ చేయకూడదు. వడ్డీకి తెచ్చి ఎక్కడో ఒకచోట చేరిపోవటం, చదువే మానివేయటం రెండూ ఆ వేగపు నిర్ణయాలే. నాలుగవ రోజు ఆ ఆదివారం రాసిన కాగితం తీయండి. అది నెమ్మదైన మనసుతో రాసినది కనుక నమ్మదగినది.

ఇంటివైద్యం ఎక్కడ ఆగవలెను?

మన రాష్ట్రంలో ఫలితాల కాలంలో పిల్లలు ప్రాణాలు తీసుకొన్న వార్తలను మనం చదివి ఉన్నాము. అందుచేత ఈ మాట గట్టిగా చెబుతున్నాను. రెండు వారాలకు మించి నిద్రాహారాలు చెడినా, పిల్లలు గది తలుపు మూసుకొని ఎవరితోనూ మాట్లాడకపోయినా, "నేను లేకపోతే మీకు ఈ అప్పు ఉండదు" వంటి మాట ఒక్కసారి నోట వచ్చినా, పాలు, నూనెలు, చూర్ణాలతో కాలయాపన చేయకూడదు. వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 అంకెపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ రాత్రి బిడ్డను ఒంటరిగా వదలకూడదు. "అట్టి ఆలోచన వస్తున్నదా నాన్నా?" అని సూటిగా అడగటం వలన ఆలోచన పుట్టదు. అడిగేవారు ఉన్నారన్న ధైర్యం కలుగుతుంది.

మా ఆనందపురం పూలకు పేరుబడ్డ ఊరు. రైతు తన తోటలో పూలు కోసి, బుట్టలకెత్తి మార్కెట్టుకు తెస్తాడు. ఆనాటి ధర అతని చేతిలో లేదు. బేరం కుదిరేదాకా అతడు చేయగలిగినదల్లా తడిగుడ్డ కప్పి, నీళ్ళు చిలకరించి, పూలు వాడకుండా కాపాడుకోవటం. ఈ నెలలలో మన ఇళ్ళలో చేయవలసిన పని కూడా అంతే. వేళకు అన్నం పెట్టండి, వేళకు నిద్రపుచ్చండి, కన్నీరు వస్తే రానివ్వండి. భయం పుట్టి చేయి ఫోను మీదికి పోయినప్పుడు మాత్రం ఉదయం 7 గంటల వరకు ఆపుకొమ్మని పిల్లలకు నేర్పండి.